గుమ్మడికాయ పగిలిన మలుపు

మునిరత్నం కారు కొన్నాడు గానీ నడపడం నేర్చుకోలేదు. నేర్చుకోలేదంటే ఆయన ఒప్పుకోడు. ఆరు రోజులు నేర్చుకుని మానేశాడు. ఏడో రోజు డ్రైవింగ్ స్కూలు వెంకటేశులు ఆయన బట్టల కొట్టుకొచ్చి, "అన్నా, నువ్వు శానా మంచోడివి. రోడ్డే మంచిది కాదు. మిగిలిన రోజులకి ఇంట్లోవాళ్ళని ఎవురినన్నా పంపించు" అని దణ్ణం పెట్టి పోయాడు. పిల్లలింకా బడికి పోయేవాళ్ళు. ఇంట్లో మిగిలింది అరవై ఏడేళ్ళ తల్లి రెడ్డెమ్మ, ముప్పై ఆరేళ్ళ భార్య రేవతి. అట్లా తొంభై ఎనిమిదో సంవత్సరంలో, మదనపల్లెలో ఆ వీధి మొత్తానికి కారు నడిపే మొదటి ఆడమనిషి రేవతి అయింది.

ఆమె పక్క సీట్లో కూర్చుని మునిరత్నం కుడికాలితో నేలని నొక్కుతుంటాడు. అక్కడ బ్రేకు లేదని ఆయనకూ తెలుసు. అయినా మూడు వారాల్లో ఆ చోట మ్యాటు అరిగింది. కొట్లో ఎవరైనా "మీ ఇంట్లోవాళ్ళే కారు తోల్తారంట గదా" అని అడిగితే, "ఏదో, అప్పుడప్పుడూ తిప్పుతాది" అని గజంబద్ద మీదికి చూపు దించుకుంటాడు. గర్వం కనపడకుండా అదొక జాగ్రత్త. ఇంట్లో మాత్రం మొదటిరోజే ఖరారుగా చెప్పాడు.

"మే రేవతీ, ఒక్క గీటు పడిందనుకో, మరుసటి రోజే కారు అమ్మేస్తా. మళ్ళా నన్నేమీ అనగూడదు."

రేవతి సరేనంది. పెళ్ళయిన పదహారేళ్ళలో ఫలానా టైముకి బయల్దేరదామని తాను చెప్పడం, ఇంటాయన చెప్పులేసుకుని వాకిట్లో ఎదురుచూడడం ఇదే మొదలు. ఆ సుఖం కోసం ఆమె ఇంతకంటే కష్టమైన షరతుకైనా ఒప్పుకునేదే.

రేవతి మూడు రాష్ట్రాలు కలిసే కుప్పంలో పుట్టి పెరిగి బీయస్సీ చదివింది. కుప్పం పిల్లలు మూడు భాషల్లో ఎదురు చెప్తారని అత్తగారు బంధువులకు చెప్పుకుంటుంది. నిజానికి రేవతి ఎదురు చెప్పేది తక్కువ, చదివేది ఎక్కువ. శనగపప్పు పొట్లం విప్పితే పప్పు డబ్బాలో పోయకముందే కాగితం చదువుతుంది. కాబట్టి కారుతోబాటు ఇన్సూరెన్సువాళ్ళిచ్చిన చిన్న పుస్తకాన్ని ఆ ఇంట్లో చదివింది ఆమె ఒక్కతే. అందులో 'ప్రమాదము సంభవించినప్పుడు పాటించవలసిన నియమములు' అని పదకొండు ఉన్నాయి. మొదటిది, వాహనమును వెంటనే నిలుపవలెను. రెండవది, శాంతముగా ఉండవలెను. మూడవది, వాహనమును ప్రమాద స్థలము నుండి కదల్చరాదు. ఈ రెండవ నియమం రాసినాయనకు పెళ్ళయ్యుండదని రేవతి అనుకుంది.

ఆ ఆదివారం పుంగనూరులో ఆడబిడ్డ వనిత ఇంట్లో గృహప్రవేశం. పిల్లలు ముందురోజే బస్సులో పోయారు. కారు ఊరు దాటడం ఇదే తొలిసారి. రెడ్డెమ్మకి రాత్రంతా నిద్ర లేదు. మోకాళ్ళ నొప్పులతో తాను రావడం లేదు గానీ, రాని మనిషికే కదా దిగులు ఎక్కువ. తెల్లారకముందే లేచి కూర్చుంది. బయల్దేరే వేళ దగ్గర పడగానే బూడిద గుమ్మడికాయకు బొక్క పెట్టి, కుంకుమ నింపి, పైన కర్పూరం వెలిగించి, వాకిట్లో కారు చుట్టూ మూడుసార్లు తిప్పింది. పసుపులో సున్నం కలిపి చెంబుడు ఎర్రనీళ్ళు చేసింది. వీధి చివర మూడు దార్లు కలిసే మలుపులో గుమ్మడికాయ పగలగొట్టి, ఎర్రనీళ్ళు పారబోసి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంది. దిష్టి తీసిన చోటుని ఎవరూ తొక్కకూడదు. తొక్కితే ఆ దిష్టి వాళ్ళని పట్టుకుంటుంది. ఇది ఆ ఊర్లో నడక రాని పిల్లకి కూడా తెలుసు.

ఎనిమిదింటికి రేవతి పట్టుచీర కట్టుకుని స్టీరింగు ముందు కూర్చుంది. మునిరత్నం కొత్త తెల్ల ప్యాంటు వేసుకుని పక్కన కూర్చున్నాడు. కారు నెమ్మదిగా మలుపు దాకా పోయింది. అక్కడ దారికి అడ్డంగా ఎర్రటి ముక్కలు, ఎర్రటి నీళ్ళు.

"మే, తొక్కొద్దు! తొక్కొద్దు!" అన్నాడు మునిరత్నం, మ్యాటుని బలంగా నొక్కుతూ.

మిగిలింది ఒక్కటే సందు, కుడిపక్క కాలవ గట్టు వెంబడి. రేవతి అందులోకి తిప్పింది. సరిగ్గా అప్పుడే ఎదురుగా ఒక ముసలాయన సైకిలు మీద వస్తూ, ఆయనా ఆ ఎరుపు చూసి, తొక్కకూడదని అదే సందులోకి తిప్పాడు. రేవతి బ్రేకు మీద నిలబడినంత పని చేసింది. అయినా కారు ముందుభాగం సైకిలు చక్రానికి తగిలింది. సైకిలు, ముసలాయన, వెనక కట్టిన కంబళ్ళ మూట ఒకేసారి పక్కకి ఒరిగి ఎర్రనీళ్ళలో పడ్డాయి. ఆయన మూట మీద పడ్డాడు. కుడికాలు మాత్రం సైకిలు కింద ఇరుక్కుంది.

మొదటి నియమం పూర్తయింది. వాహనం నిలిచింది.

రెండవది సాధ్యం కాలేదు. రేవతికి తలుపు గడియ రెండుసార్లు తప్పింది. దిగి పోయి సైకిలు లేపింది. ముసలాయన పంచె, చొక్కా, ఒక తెల్ల కంబళి అంతా ఎరుపు. అప్పటికే నాలుగైదు ఇళ్ళ నుంచి జనం వచ్చి "అయ్యో రక్తం! రక్తం!" అని కేకలు. రేవతి వంగింది. పసుపూ సున్నమూ కలిసిన వాసన గుప్పుమంది. తలెత్తి చూస్తే వీధి ఆ చివర వాకిట్లో అత్తగారు చెంబు పట్టుకుని అట్లాగే నిలబడిపోయి ఉంది.

"అమ్మా, నా కంబళ్ళు సూడమ్మా. కాలవలో పడినాయా?" అన్నాడు ముసలాయన.

"కంబళ్ళు ఉన్నాయి పెద్దాయనా. కాలు ఎట్లుంది?"

"కాలు యాడికి పోతాది, నాతోనే ఉండాది" అన్నాడు గానీ, కదిలించబోయి పళ్ళు కరుచుకున్నాడు. చీలమండ అప్పటికే నిమ్మకాయంత లేచింది. ఆయన పేరు తిప్పేస్వామి. ఊరు కురబలకోట పక్కన పల్లె. గొర్రెలున్నాయి. ఆ బొచ్చుతో నేసిన కంబళ్ళను ఆదివారాలు పట్నంలో తిరిగి అమ్ముకుంటాడు.

ఇంతలో దేవరాజు వచ్చాడు. ఎదురింటాయన. రిజిస్ట్రారాఫీసు ముందర డాక్యుమెంటు రైటరు. లోకంలో ఏది జరిగినా దానికొక చిత్తుప్రతి, ఒక సాపుప్రతి ఉంటాయని ఆయన నమ్మకం. జరిగింది చిత్తుప్రతి. దాన్ని సాపు చేయడం తన పని.

"మునిరత్నమా, నువ్వేమీ మాట్లాడొద్దు. నేను మాట్లాడతా. ఒరే ఎవురన్నా పోయి స్టేషన్లో చెప్పండ్రా. వాళ్ళొచ్చేదాకా కారు కదిలించేది లేదు" అని, గొంతు తగ్గించాడు. "ఇంకోటి. ఆడమనిషి పేరు స్టేషన్లో పడకూడదు. బండి తోలింది నువ్వు."

"నేనా?" అన్నాడు మునిరత్నం.

"నువ్వే. పో, పోయి ఆ సీట్లో కూసో. పోలీసులు వస్తానే కనపడల్ల." తర్వాత జనం వైపు తిరిగి గట్టిగా, "అందురూ సూసినారు గదా? తోలింది మునిరత్నం" అన్నాడు. సగం మంది అప్పుడే లేచొచ్చి ఏమీ చూడనివాళ్ళు. వాళ్ళే ముందుగా తలలూపారు.

మునిరత్నం ఆరడుగుల మనిషి. రేవతి పొట్టిది కాబట్టి సీటు పూర్తిగా ముందుకి లాక్కుని ఉంది. దాన్ని వెనక్కి జరపడమెట్లాగో ఆయనకు తెలీదు. భార్య పేరు కాపాడాలన్న తొందరలో ఎట్లాగో దూరి కూర్చున్నాడు. మోకాళ్ళు స్టీరింగుకి రెండు పక్కలా చెవుల దాకా వచ్చాయి. ఆ కూర్చోవడం చూసినవాళ్ళెవరైనా, ఈ మనిషి కారు నడిపాడనుకోరు, కారు ఈ మనిషిని సగం మింగిందనుకుంటారు.

రేవతి ఒక ఆటోని ఆపింది. ఆటో అతను ఎరుపు చూసి, తిప్పేస్వామిని చూసి, కారుని చూసి, "పోలీసు కేసమ్మా. నన్ను సాక్షిగా తిప్పుతారు. మన్నించల్ల" అని తిప్పుకుని పోయాడు. రెండో ఆటో ఆగనే లేదు.

తిప్పేస్వామి మూట మీద ఒరిగి కళ్ళు మూసుకున్నాడు. నుదుటి మీద చెమట. రేవతికి మళ్ళీ పుస్తకం గుర్తొచ్చింది. మూడవది, వాహనమును కదల్చరాదు. అయిదవది, క్షతగాత్రులను వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. ఉన్న ఒక్క వాహనమూ ఆ కారే అయితే ఏం చేయాలో పదకొండింట్లో ఎక్కడా లేదు. ఇంకొకటి కూడా ఆమెకి స్పష్టంగా తెలుసు. ఈరోజు 'తోలింది మునిరత్నం' అని ఒప్పుకుంటే కేసు తప్పుతుందేమో గానీ, రేపట్నుంచి ఆ వీధిలో తాను ఎప్పుడూ కారు నడపని మనిషి అయిపోతుంది. నడిపింది నేనే అంటే గీటు తన లెక్కన పడుతుంది, కారు పోతుంది. ఎటు తిరిగినా స్టీరింగు పోయేట్టే ఉంది. పోయేదేదో నిజం చెప్పి పోగొట్టుకుంటే, ఈ పెద్దాయన కాలైనా దక్కుతుంది.

ఆమె కారు దగ్గరికి పోయి, కిటికీలోంచి తాళం చెవి తీసి భర్త చేతిలో పెట్టింది.

"సరే దేవరాజన్నా, నువ్వు చెప్పినట్టే. తోలింది ఈయనే. ఇప్పుడు ఆస్పత్రికి కూడా ఈయనే తోల్తాడు. ఏమండీ, స్టార్టు చేయండి. పెద్దాయన్ని వెనకసీట్లో పడుకోబెడతాం."

దేవరాజు నోరు తెరిచి, సాపుప్రతిలో ఈ వాక్యం ఎక్కడ ఇమడాలో తెలీక మళ్ళీ మూశాడు. మునిరత్నం తాళం చెవిని చూశాడు. మోకాళ్ళ మధ్యలోంచి భార్యని చూశాడు. ఆమె ముఖంలో ఎగతాళి ఉంటుందనుకున్నాడు. అది లేదు. వెనకాల ముసలాయన మూలుగుతున్నాడు.

"నాకు తోలేది రాదప్పా" అన్నాడు మునిరత్నం. నెమ్మదిగా అన్నాడు గానీ అందరికీ వినపడింది. "ఆరు దినాలు పోయినా. రాలేదు. తోలింది మా యామే. ఆమెకే వస్తాది."

పదిహేనేళ్ళుగా ఆ వీధిలో ఏదీ రాదని ఒప్పుకోని మనిషి అది. బయటికి రావడానికి ఆయనకు ఇద్దరి సాయం కావలసి వచ్చింది. ఒకరు మోకాలు, ఒకరు భుజం. ఎవరూ నవ్వలేదు. నవ్వు వచ్చినవాళ్ళు కాలవ వైపు తిరిగారు.

మునిరత్నమే తిప్పేస్వామిని చంకల కింద పట్టుకుని లేపి వెనకసీట్లో పెట్టాడు, కంబళ్ళ మూట ముందు సీట్లో వేశాడు, తనూ వెనక ఎక్కి ఆ వాచిన కాలు తన ఒళ్ళో పెట్టుకున్నాడు. కొత్త తెల్ల ప్యాంటు ఎర్రబడింది. గృహప్రవేశానికి వేళ మించిపోయింది, వనిత ఈ మాట పదేళ్ళు ఎత్తిపొడుస్తుంది, అది వేరే సంగతి. రేవతి కారు వెనక్కి తీసి, దిష్టిని తొక్కకుండా తిప్పుకుని ఆస్పత్రి దారి పట్టింది.

"మెల్లిగా పో మే" అన్నాడు వెనకనుంచి మునిరత్నం.

"మెల్లిగా యాల? బిరీన పోమ్మా" అన్నాడు తిప్పేస్వామి. "అయినా నువ్వు నిలబెట్టినావు తల్లీ. పోయిన ఏడు కలికిరి రోడ్డులో లారీవోడు నా గొర్రెల్ని రెండింటిని తొక్కేసి, తిరిగి కూడా సూడలేదు."

రేవతి రెండు చేతులతో స్టీరింగు పట్టుకునే ఉంది. కళ్ళు తుడుచుకోవాలంటే ఒక చేయి వదలాలి. ఆ ధైర్యం ఆమెకింకా రాలేదు.

ఎముకల డాక్టరు ఫొటో తీయించి, విరగలేదు, సన్నగా చీలింది, మూడు వారాలు నేల మీద పెట్టకూడదని కట్టు కట్టాడు. కంబళ్ళ మూట మీద పడకపోయుంటే తుంటి ఎముక పోయేదన్నాడు. ఆ మాటకి తిప్పేస్వామి ముఖం వెలిగింది. డాక్టరుకి అక్కడికక్కడే ఒక కంబళి చూపించబోయాడు.

వాళ్ళు మలుపు దగ్గరికి తిరిగొచ్చేసరికి పదకొండు. దూరంనుంచే జనం కనపడ్డారు. రేవతి కారు ఆపి చూసింది. ఈలోగా ఆ వీధి ఆవు ఒకటి వచ్చి గుమ్మడికాయ ముక్కలన్నీ తినేసి పోయింది. మిగిలింది ఎండలో ముదురుతున్న ఎర్రనీళ్ళ మడుగొక్కటే. దానికి పదడుగుల దూరంలో, తొక్కకుండా నిలబడి, కానిస్టేబులు గోవిందరాజులు కాగితం మీద బొమ్మ గీస్తున్నాడు. మడుగు అంచున ఒకామె నేల మీద కూర్చుని తల బాదుకుంటోంది. చేతులకీ కాళ్ళకీ టమోటా మరకలు. ఆమె తిప్పేస్వామి భార్య ఈశ్వరమ్మ. టమోటా మండీలో కాయలు ఏరుతుండగా ఎవరో పోయి, కంబళ్ళ తాతని కారు గుద్దేసింది, రోడ్డంతా రక్తమే అని చెప్పారు.

ఆమె పక్కనే, ఆమె భుజం మీద చేయివేసి కూర్చుని ఉంది రెడ్డెమ్మ. పెదవులు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. చూస్తేనే రేవతికి అర్థమయింది. అది రక్తం కాదని చెబితే ఆ తల్లి ఏడుపు ఆగుతుంది. అయితే మరి ఇక్కడ దిష్టి పోసింది ఎవరు, దాన్ని తప్పించుకోబోయే కదా ఇద్దరూ గుద్దుకున్నది అన్న మాట వస్తుంది. కోడలు చల్లగా పోయి రావాలని చేసిన పనే కోడల్ని పోలీసుల ముందు నిలబెట్టిందని అత్తగారు నోరు విప్పలేక కూర్చుంది.

"ఏమ్మే ఈశ్వరీ! యాల ఏడస్తాండావు?" అని కారులోంచి తిప్పేస్వామి కేకేశాడు.

ఈశ్వరమ్మ తలెత్తింది. ఒక క్షణం గుర్తుపట్టనట్టు చూసింది. తర్వాత లేచి వచ్చి కిటికీలోంచి ఆయన చొక్కా పట్టుకుని ఊపేసింది. "సచ్చినావనుకున్నా గదయ్యా! సంగటి తినిపో అంటే తినకుండా పోయినావు పొద్దున! సచ్చినావనుకున్నా! ఆ సంగటి ఇంగెవురికి పెట్టల్ల అనుకున్నా!"

"ఇంటికి పోయినాక తింటాలేమ్మే. వదులు, గుండీలు పోతాయి."

గోవిందరాజులు తలగోక్కున్నాడు. "తాతా, నీకు దెబ్బ తగిలింది కాలికేనా? మరి ఇంత రక్తం ఎవురిది?"

రేవతి కారు దిగి, "సార్, కారు నడిపింది నేను. లైసెన్సు ఇదిగో" అని ముందుకు పోయింది. అత్తగారి పేరు రాకుండా మిగతాది ఎట్లా చెప్పాలా అని వెతుక్కుంటూ ఉండగానే వెనకనుంచి రెడ్డెమ్మ గొంతు వినబడింది.

"రక్తం గాదు నాయనా. నేను పోసిన ఎర్రనీళ్ళు. గుమ్మడికాయ కూడా నేనే పగలగొట్టినా. పిల్ల తొలిసారి ఊరు దాటతాండాదని. అది తొక్కగూడదనే ఇద్దురూ పక్కకి తిరిగినారు. రాసుకునేది ఉంటే నా పేరు రాసుకో."

గోవిందరాజులు కాగితం వైపు చూశాడు. మడుగు వైపు చూశాడు. తాను కూడా గంటనుంచి దాన్ని తొక్కకుండా చుట్టూ తిరుగుతున్నాడన్న సంగతి అప్పుడు తట్టినట్టుంది.

"గుమ్మడికాయ అడ్డమొచ్చిందని రాసుకుపోతే మా యస్సై నాకు దిష్టి తీస్తాడమ్మా" అన్నాడు. "తాతా, నువ్వు కంప్లైంటు ఇస్తావా?"

"ఎవురి మీద ఇచ్చేదప్పా? నేను గూడా తిరిగినా గదా. నిలబెట్టి, ఎత్తుకోనిపోయి, కట్టు కట్టించి తెచ్చినారు. కాకపోతే సైకిలు చక్రం వంగింది, అది సరిచేపిచ్చల్ల. నన్ను ఇల్లు చేర్చల్ల."

"నేను చేరుస్తా" అంది రేవతి. అనేసి భర్త వైపు చూసింది.

మునిరత్నం కారు ముందు వంగి చూస్తున్నాడు. బంపరు పైన, తెల్ల రంగు మీద, వేలెడు పొడుగున గీటు. ఎండలో మెరుస్తోంది. ఆయన బొటనవేలు తడి చేసి రుద్దాడు. పోలేదు. ఇంకోసారి రుద్దాడు. పదహారేళ్ళుగా బట్టల కొట్లో కూర్చున్న మనిషి. మరకకీ చిరుగుకీ తేడా కళ్ళు మూసుకుని చెప్పగలడు.

"పసుపు మరక" అన్నాడు మునిరత్నం, లేచి చేయి దులుపుకుంటూ. "కడిగితే పోతాది. పా మే, పొద్దు పోతాండాది. కురబలకోట దారి నీకు తెలుసు గదా?"

తిప్పేస్వామిని వెనకసీట్లో సర్దారు. ఈశ్వరమ్మ పక్కన కూర్చుని ఆయన కాలుని కంబళి మీద పెట్టింది. మునిరత్నం ముందు సీట్లో కూర్చుని మ్యాటు మీద పాదం సర్దుకున్నాడు. రేవతి స్టార్టు చేసి, పొద్దుటిలాగే ఎరుపుని తప్పించుకోవడానికి కాలవ పక్క సందు చూసుకుంది. అక్కడిప్పుడు వంగిన సైకిలు ఆనించి ఉంది.

"ఉండు రేవతీ" అంది రెడ్డెమ్మ.

ఆమె ఇంట్లోకి పోయింది. ఇంకో గుమ్మడికాయ తెస్తుందేమోనని దేవరాజుతో సహా అందరూ రెండడుగులు వెనక్కి వేశారు. రెడ్డెమ్మ బకెట్టు నీళ్ళూ చీపురూ తెచ్చింది. దిష్టి తీసినవాళ్ళు దాని వైపు తిరిగి చూడకూడదు. కడగడమనేది ఎవరూ వినలేదు. రెడ్డెమ్మ మోకాళ్ళ నొప్పితో వంగి, నీళ్ళు కుమ్మరించి, మలుపు ఈ పక్కనుంచి ఆ పక్కకి ఎరుపంతా కాలవలోకి చిమ్మేసింది. చివరి మరక దగ్గర నిలబడి, రెండు కాళ్ళతో తానే దాన్ని తొక్కి చూసింది.

"ఏమీ లేదు. నేరుగా పో" అంది.

రేవతి మొదటి గేరు వేసింది. తడిసిన రోడ్డు మీద కారు మధ్యలోంచే పోయింది. పక్కన మునిరత్నం మ్యాటుని నొక్కాడు. అద్దంలో చూస్తే, వెనకసీట్లో ఈశ్వరమ్మ కూడా టమోటా మరకల పాదంతో నేలని గట్టిగా నొక్కుతోంది.